మలాయ్ మరిచిపోయాక మిగిలిన తెలుగు

మీ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎంతమంది? ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టండి. అక్షరాలు చదవగలిగేవాళ్లను కాదు, మాట్లాడగలిగేవాళ్లను. మా ఇంట్లో ఇద్దరమే, మా అమ్మ, నేను. మా పిల్లలు బడిలో తమిళం చదివారు. సింగపూర్ బడుల్లో తమిళం కాక హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ పరీక్షలకు ఉన్నాయి కానీ తెలుగు లేదని మీకు తెలుసు. అందుకే మీరూ నాలాగే గుడి తరగతుల్లో చాప మీద కూర్చుని అ, ఆ దిద్ది ఉంటారు.

అమ్మకు ఇప్పుడు ఎనభై నాలుగేళ్లు. ఐదేళ్లుగా డిమెన్షియా ఉంది. ముందు ఆమెకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషు పోయింది. తర్వాత మలాయ్ తగ్గుతూ వచ్చింది. తమిళం ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు. తెలుగు మాత్రం ఉంది. ఇంట్లో నలుగురు ఉన్నా ఆమె మాట అర్థమయ్యేది ఒక్కరికే. ఇలాంటి ఇల్లు మాది ఒక్కటే కాదు. మీ ఇంట్లో కూడా రేపు ఇదే పరిస్థితి రావచ్చు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు మాటల సంగతి చూద్దాం. డిమెన్షియాకు తెలుగు పత్రికల్లో 'చిత్తవైకల్యం' అని రాస్తారు. చిత్తం అంటే మనసు, వైకల్యం అంటే లోపం. నాకు ఈ మాట నచ్చదు. వినగానే పిచ్చి అనే అర్థం తోస్తుంది. సింగపూర్‌లో చైనీస్ మాట్లాడేవాళ్లకూ ఇదే ఇబ్బంది వచ్చింది. వాళ్ల పాత మాటలో మందబుద్ధి అనే అర్థం ఉండేది. ఇప్పుడు దాన్ని వదిలి, తెలివి కోల్పోవడం అనే అర్థం వచ్చే మాట వాడుతున్నారు. మనవాళ్లు ఇళ్లలో 'మతిమరుపు' అంటారు. అది మరీ తేలికైన మాట. కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరిచిపోతే మతిమరుపు. కళ్లజోడు చేతిలో పట్టుకుని ఇది దేనికి అని అడిగితే అది వేరే సంగతి. 2015లో వచ్చిన 'భలే భలే మగాడివోయ్' సినిమాలో హీరో మతిమరుపు చూసి మనందరం నవ్వాం. అది పరధ్యానం, జబ్బు కాదు. ఇంకొక మాట 'చాదస్తం'. పెద్దవాళ్లు చెప్పిందే చెబుతుంటే, అడిగిందే అడుగుతుంటే, 'వయసు వచ్చింది, చాదస్తం' అని పక్కన పెట్టేస్తాం. అలా పక్కన పెట్టడంలోనే చాలా ఇళ్లలో రెండు మూడేళ్లు గడిచిపోతాయి. నేను ఈ వ్యాసంలో డిమెన్షియా అనే రాస్తాను.

ఇది అరుదైన జబ్బు కాదు. సింగపూర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ 2013లో చేసిన పరిశీలనలో అరవై ఏళ్లు దాటినవాళ్లలో పది మందికి ఒకరికి ఉందని తేలింది. మళ్లీ 2023లో చూస్తే 8.8 శాతం, అంటే పదకొండు మందికి ఒకరు. కొంచెం తగ్గింది. కానీ దేశంలో పెద్దవాళ్ల సంఖ్యే పెరుగుతోంది కాబట్టి జబ్బు ఉన్నవాళ్ల సంఖ్య పెద్దగానే ఉంది. ఒక ముఖ్యమైన విషయం ఏమిటంటే, మరుపు అంతా డిమెన్షియా కాదు. థైరాయిడ్ తక్కువైనా, బి12 విటమిన్ లోపించినా, మనసు బాగా కుంగినా మరుపు వస్తుంది. వాటికి వైద్యం ఉంది. అందుకే ఇంట్లోనే పేరు పెట్టేయకుండా డాక్టరుకు చూపించాలి.

ఇక భాషలు ఎందుకు అలా వెనక్కి వెళ్తాయి? ఫ్రాన్స్ దేశపు తియోడ్యూల్ రిబో అనే ఆయన 1881లోనే రాశారు, జ్ఞాపకశక్తి దెబ్బతిన్నప్పుడు కొత్తవి ముందు పోతాయి, పాతవి ఆఖరున పోతాయి అని. గోడకు వేసిన రంగులు ఊడినట్టు అనుకోండి. పైపూత ముందు రాలుతుంది, అడుగున వేసిన సున్నం నిలుస్తుంది. అందరికీ ఒకేలా జరగదు. రోజూ వాడిన భాష, వాడని భాష అనే తేడా కూడా ఉంటుంది. కానీ చిన్నప్పటి భాష ఎక్కువ కాలం నిలవడం చాలామందిలో కనిపిస్తుంది.

మన పెద్దవాళ్ల విషయంలో ఆ పూతలు ఏ వరుసలో పడ్డాయో మన చరిత్రే చెబుతుంది. ఒప్పంద కూలీలుగా, ఆ తర్వాత కంగాణీల వెంట, మనవాళ్లు విశాఖపట్నం, శ్రీకాకుళం, గోదావరి వైపుల నుంచి మలయా తోటలకు వచ్చారు. ఒప్పంద కూలీ పద్ధతి మలయాలో 1910లో ఆగింది. కంగాణి పద్ధతి 1938 దాకా నడిచింది. చాలామంది తెలుగువాళ్లు దిగువ పేరాక్‌లోని బాగన్ దాతో వైపు కొబ్బరి, రబ్బరు తోటల్లో స్థిరపడ్డారు. మా అమ్మ పుట్టింది అక్కడి లైన్ ఇళ్లలోనే. ఇంట్లో తెలుగు. పక్క లైన్ పిల్లలతో తమిళం. సంతలో మలాయ్. పెళ్లయి సింగపూర్ వచ్చాక, మేము బడికి వెళ్లడం మొదలుపెట్టాక, మా నోటి నుంచి కొంచెం ఇంగ్లీషు. ఇప్పుడు ఆ వరుసే తిరగబడింది.

దీనికి సంబంధించి మనకు మంచి కబురు లాంటిది ఒకటి ఉంది. అది హైదరాబాద్ నుంచే వచ్చింది. అక్కడి నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్‌తో కలిసి, డిమెన్షియా ఉన్న 648 మంది వివరాలు పరిశీలించింది. వాళ్లలో 391 మంది రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష వచ్చినవాళ్ల కంటే వీళ్లకు జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. 2013లో ఈ ఫలితాలు 'న్యూరాలజీ' పత్రికలో వచ్చాయి. ఇందులో నాకు నచ్చిన విషయం ఇంకొకటి ఉంది. బడికే వెళ్లనివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. అంతకుముందు, చదువుకున్నవాళ్లకు భాషలు ఎక్కువ వస్తాయి కాబట్టి ఆ మేలు చదువుదేనేమో అనే అనుమానం ఉండేది. హైదరాబాద్‌లో చదువురాని కూరగాయలమ్మే మనిషికి కూడా తెలుగు, ఉర్దూ రెండూ వస్తాయి కాబట్టి ఆ రెండింటినీ విడదీసి చూడడం కుదిరింది. మన తోటల్లోని అమ్మమ్మలూ అలాంటివాళ్లే. అయితే మూడో భాష, నాలుగో భాష వల్ల అదనంగా మేలు కనిపించలేదు. అన్ని దేశాల పరిశీలనలూ ఈ ఫలితాన్నే ఇవ్వలేదు కూడా. ఆలస్యం కావడం వేరు, రాకుండా ఉండడం వేరు. అమ్మకు నాలుగు భాషలు వచ్చు. అయినా వచ్చింది.

పరీక్ష ఏ భాషలో పెడతారు అనేది మీరు ముందే అడగాల్సిన ప్రశ్న. ఈ రోజు ఏ తేదీ, ఈ మూడు మాటలు గుర్తుపెట్టుకోండి, వెనక్కి లెక్కపెట్టండి, ఇలా ఉంటాయి ఆ పరీక్షలు. సగం మరిచిపోయిన మలాయ్‌లో వెనక్కి లెక్కపెట్టమంటే జబ్బు ఉన్నదాని కంటే ఎక్కువగా కనిపించవచ్చు. భారతదేశంలో ఐసీఎంఆర్ సంస్థ ఐదు భాషల్లో ఇలాంటి పరీక్షలు తయారుచేయించింది. హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళం అవి. తమ భాషలో పరీక్ష ఉండాలి అని అక్కడి డాక్టర్లే గట్టిగా అనుకున్నారన్నమాట. ఇక్కడ మీ డాక్టరుతో, 'ఆమె మొదటి భాష తెలుగు, నేను పక్కన ఉండి ప్రశ్నలు తెలుగులో చెప్పవచ్చా?' అని అడగండి. ఒక్క జాగ్రత్త. జవాబులు అందించకండి. పక్కన కూర్చున్న కూతుళ్లకు పెదవి కదపకుండా ఉండడం ఎంత కష్టమో టీచరుగా నాకు తెలుసు, పరీక్ష హాలు బయట నిలబడ్డ తల్లులను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను.

ఇప్పుడు మీ తెలుగు సంగతికి వస్తాను. మనం తరగతిలో నేర్చుకున్న తెలుగు ఒకటి. పెద్దవాళ్లలో మిగిలిన తెలుగు ఇంకొకటి. మనకు 'భోజనం చేశారా?' అని నేర్పారు. అమ్మకు అది 'బువ్వ తిన్నావా?' మనకు 'పడుకోండి', ఆమెకు 'తొంగో'. మనకు 'ఏమిటి', ఆమెకు 'ఏటి'. మనకు 'అక్క', ఆమెకు 'అప్ప'. ఇవి తప్పు తెలుగు కాదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇప్పటికీ ఇలాగే మాట్లాడతారు. ఆ మాటలను ఓడలో తెచ్చుకుని, నాలుగు తరాలు లైన్ ఇళ్లలో దాచుకున్నారు.

నాతో పాటు గుడిలో చదువుకున్న స్నేహితురాలు ఒకసారి అమ్మను చూడడానికి వచ్చింది. చక్కగా నమస్కారం పెట్టి, 'అమ్మగారూ, మీరు కులాసాగా ఉన్నారా?' అని అడిగింది. అమ్మ చీర కొంగు సర్దుకుని, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. ఎవరో దొరసాని ఇంటికి వచ్చినట్టు. ఒక్క మాట మాట్లాడలేదు. స్నేహితురాలు వెళ్లాక నాతో, 'ఆ గుంట ఎవులే? సానా సదువుకున్నాది' అంది. కన్నతల్లిని మీరు అని పిలవాలని తరగతిలో నేర్పి ఉండవచ్చు. మీ ఇంట్లో అమ్మమ్మను 'నువ్వు' అని పిలిచే అలవాటు ఉంటే, ఇప్పుడు 'మీరు' అంటే ఆమెకు మీరు ఎవరో పరాయివాళ్లు అనిపిస్తుంది. మర్యాద గొంతులో చూపించండి.

ఇంకొక విషయం, మనం అడిగే ప్రశ్నలు. 'నేనెవరో చెప్పు?' 'ఇవాళ ఏ వారం?' 'పొద్దున్న ఏం తిన్నావో గుర్తుందా?' చూడడానికి వచ్చిన చుట్టాలందరూ ఇవే అడుగుతారు. ఇవి మాటలు కావు, పరీక్షలు. జవాబు తెలియక ఆమె ముఖం చిన్నబోతుంది. దానికి బదులు, 'అమ్మా, నేను నీ రెండో కూతుర్ని, వచ్చాను' అని మీరే చెప్పేయండి. 'పొద్దున్న ఇడ్లీ తిన్నావు, బాగుందన్నావు' అనండి. వాక్యం చిన్నగా ఉండాలి. ఒక వాక్యంలో ఒక్క పనే చెప్పాలి. 'లేచి కాళ్లు కడుక్కుని వచ్చి బువ్వ తిను' అంటే అందులో నాలుగు పనులు ఉన్నాయి. 'లే అమ్మా' అని ఆగండి. లేచాక రెండోది చెప్పండి. తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది ఒకరకంగా మేలే. మీకు వచ్చింది చిన్న వాక్యాలే, ఆమెకు కావలసిందీ చిన్న వాక్యాలే.

సాయంత్రాలు కష్టం. ఆరు, ఏడు గంటల మధ్య చాలామందికి ఆరాటం ఎక్కువవుతుంది. ఆరాటం అంటే మనసు ఒకచోట నిలవకపోవడం, ఏదో చేయాలి, ఎక్కడికో వెళ్లాలి అనే తొందర. చీకటి పడకముందే దీపాలు అన్నీ వేసి, కిటికీ తెరలు లాగేస్తే కొంత నయం. అప్పుడే అమ్మ సంచి తీసుకుని గుమ్మం దగ్గర నిలబడుతుంది. 'ఇంటికెల్తాను.'

ఇదే నీ ఇల్లు, నలభై ఏళ్లుగా ఇక్కడే ఉన్నావు, అని వాదిస్తే ఏమవుతుందో ఊహించండి. తెలియనివాళ్లు ఎవరో తనను బంధించి, ఇదే నీ ఇల్లు అని నమ్మిస్తున్నట్టు ఉంటుంది ఆమెకు. ఆమె అడిగే ఇల్లు మా ఫ్లాట్ కాదు. బావి దగ్గరి లైన్ ఇల్లు. కాబట్టి నేను ఆ ఇంటి గురించే అడుగుతాను.

'ఇంటికాడ ఎవరున్నారమ్మా?'

'అప్ప ఉంది. బువ్వ వండుతాది.'

'ఏం కూర?'

'ఎండు సేపలు.'

ఇద్దరం కారిడార్‌లో లిఫ్ట్ దాకా నడుస్తాం. ఎండు చేపలు ఎలా కడగాలో, ఎంత చింతపండు వేయాలో చెబుతుంది. వెనక్కి తిరిగి వచ్చేసరికి ఇంటికి వచ్చినట్టే ఉంటుంది. అన్ని రోజులూ ఇలా కుదరదు. కొన్ని రోజులు లిఫ్ట్ దాకా ఆరుసార్లు నడుస్తాం.

'మా అమ్మేది?' అని కూడా అడుగుతుంది. ఆవిడ పోయి చాలా కాలమైంది. పోయింది అని చెప్పిన ప్రతిసారీ అమ్మకు అది అప్పుడే విన్న కబురు. ఏడుస్తుంది, పది నిమిషాలకు మళ్లీ అడుగుతుంది. అబద్ధం చెప్పాలా అని మీరు అడగవచ్చు. వస్తుందిలే అని నేను చెప్పను. 'మీ అమ్మ మీద బెంగగా ఉందా?' అంటాను. బెంగ అనే మాట నేర్చుకోండి. దూరంగా ఉన్నవాళ్ల కోసం మనసు పడే బాధ అది. ఇంగ్లీషులో దానికి సరిపోయే ఒక్క మాట నాకు ఇంతవరకు దొరకలేదు. ఉందని తల ఊపుతుంది. అప్పుడు వాళ్లమ్మ కథలు చెబుతుంది.

మాటల్లో అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సినవి నొప్పి మాటలు. డిమెన్షియా ముదిరినవాళ్లు ఎక్కడ నొప్పి, ఎలాంటి నొప్పి అని చెప్పలేరు. చెప్పినా వాళ్ల భాషలో చెబుతారు. తెలుగులో నొప్పికి ఎన్ని పేర్లో చూడండి. నిప్పు తగిలినట్టు ఉంటే మంట. గుచ్చినట్టు ఉంటే పోటు. గడ్డ లేచినచోట ఆగి ఆగి వచ్చేది సలుపు. జ్వరంలో ఒళ్లంతా లాగితే తీపులు. కాలు మొద్దుబారితే తిమ్మిరి. గుడి తరగతి పుస్తకంలో పువ్వుల పేర్లు, పండ్ల పేర్లు ఉన్నాయి. ఇవి లేవు.

మా ఇంట్లో పగలు అమ్మను చూసుకునే హెల్పర్ జావా నుంచి వచ్చింది. మొదట్లో ఇద్దరూ మలాయ్‌లో మాట్లాడుకునేవారు. క్రమంగా 'సుదా మాకన్?' అంటే అమ్మకు తెలియకుండా పోయింది. 'సాకిత్?' అంటే పలకదు. 'నొప్పా?' అంటే చెయ్యి చూపిస్తుంది. అందుకని నేను ఒక నోటుబుక్కులో మాటలు రాసి ఇచ్చాను. బువ్వ, నీళ్లు, నొప్పి, మంట, చలి, భయం, దా అమ్మా, మెల్లిగా. ఆమె వాటిని నాకంటే బాగా పలుకుతుంది. ఎందుకంటే ఆమె నేర్చుకున్నది అమ్మ నోటి నుంచి.

పోయిన ఏడాది ఒక వారం అమ్మ ఉన్నట్టుండి మారిపోయింది. రెండు రాత్రులు నిద్ర లేదు. గోడ మీద ఎవరో ఉన్నారంటుంది. నన్నే కొట్టబోయింది. జబ్బు ముదిరింది అనుకున్నాం అందరం. మూడో రోజు బడిలో ఉండగా హెల్పర్ ఫోన్ చేసింది. 'అమ్మ బాత్‌రూమ్‌లో మంట, మంట అంటోంది' అని. మూత్రానికి వెళ్లడాన్ని మన పెద్దవాళ్లు మర్యాదగా 'ఒంటికి వెళ్లడం' అంటారు. ఒంటికి వెళ్తే మంట అంటే డాక్టరుకు చెప్పాల్సిన విషయం. మూత్రపరీక్షలో ఇన్‌ఫెక్షన్ అని తేలింది. మందులు వాడాక పది రోజుల్లో అమ్మ మళ్లీ మా పాత అమ్మ అయింది. గోడ మీది మనుషులు వెళ్లిపోయారు. పెద్దవాళ్లలో ఇన్‌ఫెక్షన్ ఇలాగే ముందు మనసు మీద పడుతుంది, జ్వరం కూడా లేకుండా. డిమెన్షియా నెలల మీద, ఏళ్ల మీద మారుతుంది. రెండు మూడు రోజుల్లో మనిషి మారిపోతే అది వేరే కారణం అయి ఉండవచ్చు, వెంటనే చూపించండి. ఆ రోజు మాకు దారి చూపింది ఒక్క తెలుగు మాట, అది పట్టుకున్నది తెలుగురాని మనిషి.

పాటల గురించి మీకు తెలిసే ఉంటుంది. మాట తడబడేవాళ్లు కూడా పాట పూర్తిగా పాడేస్తారు. ఘంటసాల భగవద్గీత, రామదాసు కీర్తనలు, తోటలో రామమందిరం దగ్గర పాడుకున్న భజనలు, మీ పెద్దవాళ్లకు ఏవి తెలుసో కనుక్కోండి. అయితే ముందు చెవులు పరీక్ష చేయించండి. వినికిడి తగ్గితే పాటా లేదు, మాటా లేదు. 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణులు డిమెన్షియాకు దోహదం చేసే, మనం మార్చగలిగే కారణాలు 14 అని చెప్పారు. వాటిలో వినికిడి లోపం ఒకటి.

బయటి సహాయం గురించి క్లుప్తంగా చెబుతాను. డిమెన్షియా సింగపూర్ అనే సంస్థ 1990 నుంచి ఉంది, 2021 దాకా దాని పేరు అల్జీమర్స్ డిసీజ్ అసోసియేషన్. వాళ్ల కారా యాప్‌లో పేరు నమోదు చేస్తే, దారి తప్పినప్పుడు ఎవరైనా స్కాన్ చేసి మీకు తెలియజేసే వీలుంటుంది. కెబున్ బారులో ఫ్లాట్ల కింద గోడల మీద పాతకాలపు వస్తువుల బొమ్మలు పెద్దగా వేశారు, అంకెలు మరిచిపోయినవాళ్లు బొమ్మ చూసి తమ బ్లాక్ గుర్తుపట్టడానికి. ఒకసారి వెళ్లి చూడండి. తినడం, స్నానం, నడక లాంటి ఆరు రోజువారీ పనుల్లో మూడింటికి ఎప్పుడూ సాయం కావలసినవాళ్లకు, కుటుంబ ఆదాయాన్ని బట్టి హోమ్ కేర్‌గివింగ్ గ్రాంట్ ఉంది. 2019లో నెలకు 200 డాలర్లతో మొదలైంది, 2023లో 400 దాకా పెంచారు. ఇప్పుడు ఎంతో ఏఐసీ వాళ్లను అడగండి. డే కేర్ సెంటర్‌కు పంపితే మీరు రాసిన మాటల నోటుబుక్కు కాపీ ఒకటి అక్కడి వాళ్లకూ ఇవ్వండి. పగలంతా నిశ్శబ్దంగా కూర్చుని వచ్చిన మనిషి గురించి, ఆమె చాలా శాంతంగా ఉంది అని వాళ్లు చెబితే నమ్మకండి. మాట్లాడేవాళ్లు లేకపోవడం వల్ల కూడా మనిషి శాంతంగా కనిపిస్తుంది.

లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ పత్రం మాత్రం వాయిదా వేయకండి. తనకు తెలివి లేని రోజున తన డబ్బు, వైద్యం ఎవరు చూడాలో మనిషి ముందే రాసి పెట్టే పత్రం అది. అర్థం చేసుకునే శక్తి ఉన్నప్పుడే రాయాలి. డాక్టరు గానీ లాయరు గానీ ఆమెతో మాట్లాడి, ఆమెకు అర్థమైందని ధ్రువపరచాలి. అది పోయాక కోర్టుకు వెళ్లాల్సి వస్తుంది. ఆ మాట తెలుగులో విడమరిచి చెప్పగలిగేది ఇంట్లో మీరొక్కరే అయితే, ఈ వారమే చెప్పండి.

తర్వాత ఒక నోటుబుక్కు కొనండి. మీ అమ్మమ్మకో, తాతకో ఇంకా బాగా గుర్తున్నప్పుడే పక్కన కూర్చుని రాసుకోండి. మీ తరగతి తెలుగులో కాదు, వాళ్లు పలికినట్టే రాయండి, ఎల్తాను అంటే ఎల్తాను అనే. వాళ్ల అమ్మ పేరు, తోట పేరు, చిన్నప్పటి ముద్దుపేరు, ఏ కూర ఇష్టం, ఏ దేవుడికి మొక్కుతారు, కోపం వస్తే ఏమని తిడతారు, అన్నీ. మొదటి పేజీ మాత్రం నొప్పి మాటలకు వదలండి.